పనికీ గట్టు ఉండాలి



పొలం గట్టు మనందరికీ తెలుసు. గడ్డి కోయడానికి గట్టు మీదనే నడుస్తాం. నాటు వేసేటప్పుడు సద్ది గట్టు మీదనే పెడతాం.

గట్టు ఎందుకు వేస్తారు? ఇక్కడిదాకా మనది, అటు పక్కవాళ్లది అని తెలియడానికి. మడిలో పెట్టిన నీళ్లు మడిలోనే నిలవడానికి. గట్టు తెగితే నీళ్లు పోతాయి. పక్కవాళ్లతో పంచాయితీ వస్తుంది.

పొలానికి ఉన్నట్టే పనికి కూడా గట్టు ఉండాలి. ఇల్లు కట్టినా, బావి తవ్వినా, సంఘం తరఫున బర్రెలు కొన్నా, సర్కారు పెద్ద డ్యాం కట్టినా ఇదే మాట. పని మొదలుపెట్టే ముందు ఆరు ప్రశ్నలు అడగాలి.

ఏం చేస్తాం?
ఎవరి కోసం చేస్తాం?
ఎంత చేస్తాం?
ఎంత డబ్బు, ఎంత సామాను ఉంది?
ఎన్ని రోజుల్లో చేస్తాం?
ఏది చెయ్యం?

ఈ ఆరింటికి జవాబులు రాసుకుంటే పనికి గట్టు వేసినట్టు. చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. ఏది చెయ్యమో ముందే అనుకోకపోతే పని పెరుగుతూ పోతుంది. పైసలు మాత్రం పెరగవు.

ఈ మాట అర్థం కావడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన పక్కనే పెద్ద పాఠం ఉంది. అదే నాగార్జున సాగర్.

సాగర్ ఎట్లా మొదలైంది?

కృష్ణా నది మీద నందికొండ అనే చోటు ఉంది. అక్కడ ఆనకట్ట కట్టాలని చాలా ఏళ్లు ఆలోచనలు జరిగాయి. నీళ్లు ఎక్కడిదాకా పోవాలి అనేదే అప్పుడు పెద్ద ప్రశ్న. కృష్ణా నీళ్లను పెన్నా నదికి కలిపి, ఇంకా దక్షిణానికి తీసుకుపోవాలని ఆనాటి మద్రాసు ప్రభుత్వం అనుకుంది. చాలామంది ఒప్పుకోలేదు. వాదనలు జరిగాయి. చివరికి 1952లో ఖోస్లా అనే ఇంజనీరు అధ్యక్షతన ఒక కమిటీ వచ్చి చూసింది. నందికొండ దగ్గర కట్టడమే మంచిదని చెప్పింది.

1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాత పన్నెండేళ్లకు, 1967 ఆగస్టు 4న, ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువల్లోకి నీళ్లు వదిలారు.

ఈ డ్యాంను రాతితో కట్టారు. ఎత్తు దాదాపు 400 అడుగులు. దానికి 26 గేట్లు. పాలమూరు నుంచి, ఇంకా ఎన్నో జిల్లాల నుంచి కూలీలు వచ్చారు. రాళ్లు కొట్టారు. తట్టలు మోశారు. అందులో ఆడవాళ్లు ఎందరో. ఆ డ్యాంలో మన తల్లుల, అవ్వల చెమట ఉంది.

డ్యాం నుంచి రెండు పెద్ద కాలువలు తీశారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. అది గుంటూరు, ప్రకాశం వైపు పోతుంది. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. అది మన వైపు వస్తుంది. మిర్యాలగూడ ప్రాంతం మీదుగా, మూసీ నదిని దాటి, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు నీళ్లిస్తుంది. తర్వాత పాలేరు చెరువులో కలిసి ఖమ్మం జిల్లాకు పోతుంది. అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని నూజివీడు వైపు సాగుతుంది.

అన్నీ మోయలేం అని ఒప్పుకున్నవాళ్లు

డ్యాం కట్టేటప్పుడు అక్కడ ఇంకో పని కూడా జరిగింది. డ్యాం వెనుక లోయలో పాత కాలపు బౌద్ధ కట్టడాలు ఉన్నాయి. సుమారు 1,700 ఏళ్ల కిందటివి. అవి నీట మునిగిపోతాయి. అందుకే 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు.

చాలా కట్టడాలు బయటపడ్డాయి. అన్నిటినీ కాపాడాలని ఎవరికైనా ఉంటుంది. కాని నీళ్లు వచ్చే రోజు దగ్గర పడుతోంది. అన్నీ మోయడం కుదరదు. అప్పుడు వాళ్లు ఏం చేశారు? ముఖ్యమైన కొన్నిటిని ఎంచుకున్నారు. వాటిని రాయి రాయి విప్పి, కొండ మీదికి చేర్చి, మళ్లీ కట్టారు. మరికొన్నిటికి చిన్న నమూనాలు చేసి పెట్టారు. మిగతావి నీళ్ల కిందికి పోయాయి.

ఇప్పుడు ఆ కొండ నీళ్ల నడుమ దీవి అయింది. పడవలో పోయి ఆ కట్టడాలను చూడవచ్చు. అన్నిటినీ పట్టుకుందామని పోతే ఒక్కటీ దక్కేది కాదేమో. ఏది చేస్తాం, ఏది చెయ్యలేం అని గట్టు వేసుకున్నారు. అందుకే కొన్నైనా మిగిలాయి.

కాలువకు ఎగువ, కాలువకు దిగువ

మళ్లీ కాలువ దగ్గరికి వద్దాం.

కాలువ నీళ్లు పల్లానికే పోతాయి. మిట్టకు ఎక్కవు. అందుకే కాలువ తవ్వే ముందు ఇంజనీర్లు నేల ఎత్తు కొలిచారు. కాలువకు దిగువన ఉన్న భూమికి నీళ్లు పారుతాయి. ఎగువన ఉన్న భూమికి పారవు. ఒక ప్రాజెక్టు కింద నీళ్లు పారే భూమిని ఆయకట్టు అంటాం. ఆ ప్రాజెక్టుకు ఆయకట్టే గట్టు.

మిర్యాలగూడ, కోదాడ వైపు చాలా భూములు ఎడమ కాలువకు దిగువన ఉన్నాయి. అక్కడ నీళ్లు పారాయి. వరి పండింది. మిర్యాలగూడలో వరుసగా రైస్ మిల్లులు లేచాయి. ఇప్పుడు ఆ ఊరు మిల్లులకే పేరు.

సూర్యాపేట వైపు చాలా భూములు ఎత్తులో ఉన్నాయి. ఎడమ కాలువ వాటిని తాకదు. అందుకని సాగర్ కట్టినవాళ్లు సూర్యాపేటను మరిచారని అనుకోవద్దు. ఈ కాలువతో ఆ పని కాదు. దానికి వేరే పని కావాలి. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు సూర్యాపేట, నకిరేకల్ ప్రాంతాల్లో కొంత భూమికి నీళ్లిచ్చింది. తర్వాత గోదావరి నీళ్లను శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల ద్వారా సూర్యాపేట వైపు తేవాలని పథకం వేశారు. ఆ నీళ్ల కోసం అక్కడి జనం చాలా ఏళ్లు ఎదురుచూశారు.

చూశారా? ఒకే ప్రాజెక్టు అందరికీ అన్నీ చెయ్యలేదు. ఏది ఏ ప్రాజెక్టు పనో ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆశ పెట్టి మోసం చేసినట్టు అవుతుంది.

నీళ్ల లెక్క

కృష్ణా నీళ్లు ఒక్క రాష్ట్రానివి కావు. మహారాష్ట్ర, కర్ణాటక కూడా ఆ నదిని వాడుకుంటాయి. అందుకే నీళ్లు పంచడానికి 1969లో ఒక ట్రిబ్యునల్ వేశారు. అంటే తగవు తీర్చే పెద్దల సభ. జడ్జి బచావత్ దానికి అధ్యక్షుడు. 1973లో తీర్పు చెప్పారు. 1976లో అది అమలులోకి వచ్చింది.

ఆ లెక్కలో సాగర్‌కు ఏడాదికి 281 టీఎంసీలు వచ్చాయి. కుడి కాలువకు 132. ఎడమ కాలువకు 132. మిగతా 17 ఎవరికి? ఎండకు. నీళ్లు ఆవిరై పోతాయి కదా! ఆ పోయేదాన్ని కూడా ముందే లెక్కలో రాశారు.

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే ఒక టీఎంసీలో దాదాపు 189 కోట్ల బిందెలు పడతాయి.

ఒక టీఎంసీ నీళ్లతో ఎంత భూమి పారుతుంది? అది పంటను బట్టి ఉంటుంది. వరి అయితే ఐదారు వేల ఎకరాలు. ఆరుతడి పంట అయితే దానికి రెట్టింపు. ఆరుతడి అంటే నీళ్లు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టే పంట. పల్లి, పెసర, జొన్న, మిరప ఇట్లాంటివి.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. మనమే లెక్క కడదాం.

ఎడమ కాలువ కింద ఆయకట్టు పది లక్షల ఎకరాలకు పైన ఉంది. నీళ్లు 132 టీఎంసీలు. ఒక టీఎంసీకి 5,500 ఎకరాల వరి అనుకుందాం.

132 ను 5,500 తో గుణించండి. 7,26,000 వస్తుంది. అంటే అందరూ వరే వేస్తే ఏడు లక్షల పై చిలుకు ఎకరాలకే నీళ్లు సరిపోతాయి. దాదాపు మూడు లక్షల ఎకరాలు ఎండుతాయి.

ఇంకో రకంగా చూద్దాం. నాలుగు లక్షల ఎకరాల్లో వరి. దానికి సుమారు 73 టీఎంసీలు. ఆరు లక్షల ఎకరాల్లో ఆరుతడి. దానికి సుమారు 55 టీఎంసీలు. రెండూ కలిపితే 128. అంటే 132 లోపే. అందరి పొలం పారుతుంది.

ఇది విషయం అర్థం కావడానికి మనం వేసుకున్న లెక్క. కాలువలో ఇంకిపోయే నీళ్లను ఇందులో కలపలేదు. కాని ఆనాటి ఇంజనీర్లు ఆలోచించింది ఇట్లాగే. అందుకే ఆయకట్టును రెండు రకాలుగా విడదీశారు. ఈ సర్వే నంబరు భూమి మాగాణి, ఈ సర్వే నంబరు భూమి ఆరుతడి అని కాగితం మీద రాశారు. ఆ కాగితమే సాగర్ పనికి వేసిన గట్టు.

గట్టు ఎట్లా తెగింది?

కాగితం మీద గట్టు ఉంది. పొలంలో నిలవలేదు.

కాలువ మొదట్లో ఉన్న ఊళ్లకు నీళ్లు ముందు వచ్చాయి. కింద ఊళ్లకు కాలువలు పూర్తి కావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా పైన నీళ్లు పుష్కలం. ఆరుతడి అని రాసిన భూమిలో కూడా వరి వేశారు.

ఆ రైతులను తిట్టడం తేలిక. కాని వాళ్ల బాధ కూడా వినాలి. వరి తిండి గింజ. ఇంట్లో వడ్లు ఉంటే ధైర్యం. అమ్మితే కొనేవాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి. పక్క మడిలో వరి వేస్తే ఆ నీళ్లు ఊరి మన పొలం జాలు పడుతుంది. జాలు పట్టిన నేలలో పల్లి రాదు, పెసర రాదు. అప్పుడు మనమూ వరి వెయ్యాల్సిందే. ఒకరిని చూసి ఒకరు. ఒక మడి తర్వాత ఒక మడి.

ఎవరూ ఒక్క రోజులో గట్టు తెంపలేదు. కొంచెం కొంచెంగా తెగింది. పని హద్దు దాటేది ఎప్పుడూ ఇట్లాగే. ఎవరూ పెద్ద తప్పు చేసినట్టు కనిపించదు. చివరికి చూస్తే నీళ్లు లేవు.

మరి నష్టం ఎవరికి? కాలువ చివరి ఊళ్లకు. వాళ్ల భూమి కూడా ఆయకట్టే. కాగితంలో వాళ్ల పేరూ ఉంది. కాని పై ఊళ్లు తడిసిన తర్వాత మిగిలిందే వాళ్లకు. వానలు తక్కువైన ఏడాది అది కూడా ఉండదు. 2023 వానాకాలంలో సాగర్ నిండలేదు. అట్లాంటి ఏడు చివరి మడి వాళ్ల కష్టం చెప్పనలవి కాదు.

నాట్లు లేకపోతే కూలి లేదు. నాటు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే కదా. నీళ్లు రాకపోతే ముందు ఖాళీ అయ్యేది మన చేతులే.

దీన్ని సరిచేయాలని ప్రయత్నాలు జరిగాయి. కాలువకు కొన్ని రోజులు నీళ్లు వదిలి, కొన్ని రోజులు ఆపే వంతుల పద్ధతి పెట్టారు. కాలువ కన్నా ఎత్తున ఉన్న భూముల కోసం ఎత్తిపోతల పథకాలు వచ్చాయి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. నీళ్ల పంపకం రైతులే చూసుకోవాలని దాని ఉద్దేశం. కాని అందులో ఓటు ఎక్కువగా భూమి పేరున ఉన్నవాళ్లకే. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరున ఉన్నాయి. నాటు వేసే మనిషి చాలాచోట్ల ఆ సంఘంలో లేదు.

తాగునీళ్ల అవసరం కూడా వచ్చి చేరింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాల్సిందే. 2004లో హైదరాబాదుకు కూడా కృష్ణా తాగునీళ్లు మొదలయ్యాయి. దప్పికకు వద్దనేవాళ్లు ఎవరుంటారు? కాని డ్యాం మాత్రం పెద్దది కాలేదు. పైగా పూడిక చేరింది. కట్టిన కొత్తలో 408 టీఎంసీలు పట్టే సాగర్‌లో ఇప్పుడు 312 టీఎంసీలే పడతాయి.

కాబట్టి కొత్త పని ఏది కలిపినా ఒక ప్రశ్న అడగాలి. మంచి పనే. కాని దానికి నీళ్లెక్కడివి?

ఇదే ప్రశ్న మన ఊరి పనికి

ఇంత పెద్ద డ్యాం సంగతి మనకెందుకు అనుకుంటున్నారా? మన సంఘం పనిలో కూడా ఇదే జరుగుతుంది.

ఒక ఊరు అనుకుందాం. అక్కడ మహిళా సంఘం ఉంది. మీటింగు పెట్టుకోవడానికి చోటు లేదు. వేపచెట్టు కిందనే కూర్చుంటారు. వానొస్తే పుస్తకాలు తడుస్తాయి. సంఘం దగ్గర 3 లక్షల రూపాయలు ఉన్నాయి. ఒక గది కట్టాలనుకున్నారు. మేస్త్రిని అడిగితే 2 లక్షల 70 వేలు అవుతుందన్నాడు.

పునాది తవ్విన రోజు ఒక అక్క అన్నది.

"అర్ర ఎట్లాగూ కడుతున్నం గదా. ముంగట వరండా గూడ ఏస్తే ఎండపూట కూసోవచ్చు."

"మంచి మాటనే అక్కా. ఏద్దాం."

వరండాకు 80 వేలు. వారం తర్వాత ఇంకో చెల్లె అన్నది.

"చుట్టూ గోడ లేకుంటే మేకలు లోపలికొస్తయి. అది గూడ పెట్టిద్దాం."

"గట్లనే కానియ్యి."

గోడకు 90 వేలు. అన్నీ కలిపితే 4 లక్షల 40 వేలు అయింది. చేతిలో ఉన్నది 3 లక్షలు. ఆ కూడిక మాత్రం ఎవరూ వెయ్యలేదు.

మూడు నెలలకు గది గోడలు లేచాయి. వరండా స్తంభాలు లేచాయి. ప్రహరీ సగం అయింది. పైసలు అయిపోయాయి. గదికి కప్పు పడలేదు. వానాకాలం వచ్చింది. సంఘం మళ్లీ వేపచెట్టు కిందికే పోయింది. పైసలన్నీ గోడలకే పోయినయని ఒకరు, మేస్త్రి తిన్నాడని ఒకరు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

ఇందులో ఎవరిది తప్పు? వరండా చెడ్డదా? గోడ చెడ్డదా? రెండూ మంచివే. కాని కావాల్సింది తడవని చోటు. కప్పు కోసం మొదలైన పని కప్పు లేకుండా ఆగిపోయింది.

ఇప్పుడు అదే ఊళ్లో అదే పని ఇంకో రకంగా జరిగిందనుకుందాం.

పునాదికి ముందే సంఘం కూర్చున్నది. లెక్కలు రాసే చెల్లె పుస్తకం తీసింది. పైన రాసింది: "వానకు తడవని ఒక గది. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడుగు. రేకుల కప్పు. ఒక తలుపు, రెండు కిటికీలు." కింద రాసింది: "వరండా ఇప్పుడు కాదు. ప్రహరీ ఇప్పుడు కాదు." చివర రాసింది: "30 వేలు ముట్టుకోవద్దు." సాగర్ లెక్కలో ఎండకు 17 టీఎంసీలు రాసినట్టే ఇది. సిమెంటు ధర పెరగవచ్చు. వానకు ఇసుక కొట్టుకుపోవచ్చు. దానికోసం ఆ 30 వేలు.

అప్పుడు వెనక కూర్చున్న ఒక అవ్వ అడిగింది.

"మీటింగు పొద్దుగూకే దాక అయితది. మరుగుదొడ్డి లేకుంటే ఆడోళ్లం యాడికి పోవాలె?"

అందరూ ఒక్క క్షణం మాట్లాడలేదు. ఆ సంగతి ఎవరికీ తోచలేదు. అవ్వ అడిగింది న్యాయమైన మాట. అప్పుడు పెద్దక్క అన్నది.

"అవ్వ మాట నిజమే. కాని దానికి పైసలెక్కడివి? దేన్నన్న తీసెయ్యాలె."

మరుగుదొడ్డికి 40 వేలు కావాలి. నేలకు బండలు వద్దనుకున్నారు. సిమెంటు గచ్చు చాలన్నారు. గోడలకు లోపలి రంగు తర్వాత చూద్దామన్నారు. అన్నీ కలిపి 25 వేలు మిగిలాయి. మిగతా 15 వేలకు తలా ఇంత వేసుకుందామని తీర్మానం రాశారు. అందరూ సంతకాలు పెట్టారు. 30 వేలు అట్లాగే ఉంచారు.

మూడు నెలలకు గదికి కప్పు పడింది. పుస్తకాలు తడవకుండా ఉన్నాయి. వరండా లేదు. దాని మాట వచ్చే ఏడు.

ఈ రెండు కథల్లో తేడా ఏమిటి? రెండో కథలో కూడా పని మారింది. మారడం తప్పు కాదు. అవసరాలు కొత్తగా తెలుస్తాయి. మార్చేటప్పుడు మూడు పనులు చేశారు. ఎంత ఖర్చో లెక్క కట్టారు. దానికోసం ఏది వదులుకోవాలో చెప్పుకున్నారు. అందరూ కూర్చొని కాగితం మీద రాసుకున్నారు.

ఇంకొకటి కూడా చూడండి. అవ్వను మీటింగుకు పిలవకపోతే మరుగుదొడ్డి మాట వచ్చేదే కాదు. గట్టు వేసేటప్పుడు అందరూ ఉండాలి. ముఖ్యంగా వెనక కూర్చునేవాళ్లు ఉండాలి. కాలువ చివరి ఊరివాళ్లు, పట్టా లేని కూలి మనిషి, మాట్లాడటానికి జంకే ముసలవ్వ. గట్టు సరిగ్గా లేకపోతే ముందు ఎండేది వీళ్ల మడే.

కాగితం చదవండి

సర్కారు పైసలతో ఊళ్లో పనులు జరుగుతాయి. సిమెంటు రోడ్డు, మురికి కాలువ, నీళ్ల ట్యాంకు. ప్రతి పనికీ ఒక అంచనా కాగితం ఉంటుంది. పని ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎంత మందం, ఎన్ని రూపాయలు అని అందులో రాసి ఉంటుంది. జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం ఇంకొకటి ఉంటుంది. దాన్ని కొలతల పుస్తకం అంటారు. ఎం.బి. అని కూడా అంటారు.

అంచనాలో రోడ్డు 200 మీటర్లు అని ఉంది. రోడ్డు మాత్రం పెద్దల ఇళ్లదాకా వచ్చి 140 మీటర్ల దగ్గర ఆగింది. మన వాడ దాకా రాలేదు. అప్పుడు అడగాలి. కాగితం చూడకపోతే ఏమని అడుగుతాం? "మా వాడకు రోడ్డు వెయ్యండి" అని బతిమాలుతాం. కాగితం చదివితే "60 మీటర్లు ఏమైంది?" అని అడుగుతాం. రెండు మాటలకూ ఎంత తేడా!

గ్రామసభలో ఇట్లాంటి లెక్కలు అడగవచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, అంచనా కాగితం నకలు అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇదివరకు మనం ఏం చేసేవాళ్లం? కాగితం ముందు పెడితే వేలిముద్ర వేసేవాళ్లం. ఏముందో తెలియదు. ఎంత పనికి ఒప్పుకున్నామో తెలియదు. ఎంత అప్పు అయిందో తెలియదు. గట్టు ఎక్కడుందో తెలియకుండానే పొలం రాసిచ్చినట్టు.

ఇప్పుడు అక్షరం వచ్చింది. అంకె వచ్చింది. కూడిక, గుణకారం వచ్చాయి. 132 ను 5,500 తో గుణించి సాగర్ నీళ్ల లెక్క మనమే కట్టాం. మన సంఘం లెక్క, మన ఊరి రోడ్డు లెక్క అంతకన్నా కష్టమా?

ఈసారి సంఘంలో ఏ పని మొదలైనా ముందు పుస్తకం తెరవండి. ఆరు ప్రశ్నలు రాయండి. జవాబులు అందరికీ వినబడేలా చదవండి. నడుమ ఎవరైనా కొత్త పని కలుపుదామంటే కోప్పడవద్దు. మెల్లగా అడగండి.

"మంచి మాటనే అక్కా. దానికి నీళ్లెక్కడివి?"

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊరు ఏ ప్రాజెక్టు ఆయకట్టులో ఉంది? కాలువ మొదట్లో ఉందా, చివర ఉందా? మీ అత్తమ్మను, మీ అవ్వను అడిగి తెలుసుకోండి. నీళ్లు వచ్చిన మొదటి ఏడు వాళ్లకు గుర్తుందా?

2. మీ ఇంట్లో కానీ, సంఘంలో కానీ సగంలో ఆగిన పని ఏదైనా ఉందా? మొదట ఏం అనుకున్నారు? తర్వాత ఏమేం కలిపారు? ఒక కాగితం మీద రెండు వరుసలుగా రాయండి.

3. కాలువ మొదటి ఊరి రైతుగా ఒకరు, చివరి ఊరి రైతుగా ఒకరు, నాటు కూలి మనిషిగా ఒకరు మాట్లాడండి. ముగ్గురూ ఒప్పుకునే నీళ్ల లెక్క కుదురుతుందేమో చూడండి.

4. మీ ఊళ్లో ఈ మధ్య జరిగిన ఒక పని పేరు రాయండి. దాని అంచనా కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? దాన్ని చూపమని అడగడానికి నాలుగు వాక్యాల దరఖాస్తు మీరే రాయండి. కింద సంతకం పెట్టండి.